లండన్ గంటా, మా తమ్ముడి రోహిణీ

నిన్న మధ్యాహ్నం మూడున్నర దాటాక మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పంపింది మామయ్య. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు. తోటి మాస్టార్లతో కలిసి ప్యాకేజీ టూరులో లండన్ వెళ్ళాడు. ఈ వేసవిలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకుని వంతెన మీద నిలబడి ఉన్నాడు. వెనక ఆ గడియారం బురుజు. వీడియోలో బిగ్ బెన్ పదకొండు సార్లు మోగింది. మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. "జన్మ ధన్యం బావగారూ" అని ఒకరు. "మొత్తానికి సాధించారు పెదనాన్నా" అని ఇంకొకరు. వాటి కింద మా తమ్ముడు ఒక ముక్క రాశాడు.

"శబ్దం ఎలా ఉంది మామయ్యా?"

అంతే, గ్రూపు గప్‌చుప్ అయిపోయింది. మా తమ్ముడికి చెవులు వినపడవు. పుట్టిన మొదటి వారంలోనే పోయాయి. ఎందుకు పోయాయో గ్రూపులో ఉన్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. అందులో నా చెయ్యి ఎంత ఉందో మాత్రం తమ్ముడికీ, మామయ్యకీ, నాకూ తెలుసు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ రెండో పురిటికి నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. నాన్న ఉద్యోగం ఒరిస్సాలో, ఏదో వంతెన పనుల దగ్గర. అమ్మమ్మ వాళ్ళ ఊరు తణుకుకి అయిదారు మైళ్ళ దూరంలో కాలవగట్టు మీద ఉంటుంది. అవి కోతల రోజులు. ఊరంతా పచ్చి గడ్డి వాసన. గాలి మళ్ళితే చక్కెర ఫ్యాక్టరీ నుంచి కాగే చెరుకురసం వాసన. మధ్యాహ్నం పూట అమ్మమ్మ పొయ్యి నిప్పుల్లో తేగలు కాల్చేది. పీచు తీసి, లోపల చందమామ అనే లేత మొలక నాకిచ్చి, మిగతాది అమ్మకి పెట్టబోయి, "ఒద్దులే, వాతం" అని తనే తినేసేది.

తాతయ్య అప్పటికే లేడు. అత్తయ్య కూడా పురిటికి తన పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో మగదిక్కు మామయ్య ఒక్కడే.

మామయ్య ఊళ్ళో పేరుపడ్డ హేతువాది. పిల్లి ఎదురొచ్చి ఎవరైనా వెనక్కి తిరిగితే, "పాపం ఆ పిల్లి కూడా మిమ్మల్ని చూసి వెనక్కి తిరిగిందండీ, దానికేం కీడు మూడిందో!" అనేవాడు. హైస్కూల్లో చేతబడి లేదని పిల్లల చేత నిమ్మకాయలు కోయించి పంచదార కలిపి తాగించాడు. నాకు ఆయనంటే ప్రాణం. ఇవాళ నేను నాలుగు సభల్లో నిలబడి మూఢనమ్మకాల మీద మాట్లాడుతున్నానంటే దానికి మొదటి పాఠం చెప్పింది ఆయనే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. బాధ ఉంది.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి లండన్ గడియారం. పాత క్యాలెండర్లోంచి కత్తిరించిన ఆ బురుజు బొమ్మ వీధి అరుగు మీద గోడకి అంటించి ఉండేది. చలికాలంలో అక్కడ అర్ధరాత్రి పన్నెండు కొడుతుంటే మనకి తెల్లవారి అయిదున్నర. ఆ వేళకి మామయ్య లేచి, మొహం కడుక్కుని, రేడియో ముందు నిలబడేవాడు. గరగర, ఈల, మళ్ళీ గరగర, సముద్రాల అవతల నుంచి ఏదో కొట్టుకొస్తున్నట్టు. ఆ వెనక గంట. అది మోగుతుంటే ఇంట్లో ఎవరూ కదలకూడదు. మొదటి దెబ్బకి చేతి వాచీ చూసుకుని, "కలిసింది" అనేవాడు. ఆ తరవాతే కాఫీ.

"బిగ్ బెన్ అంటే బురుజు పేరు కాదే, లోపలి గంట పేరు" అని చెప్పేవాడు. "దాని లోలకం మీద పాత పెన్నీ బిళ్ళ ఒకటి పెడితే గడియారం రోజుకి అర సెకను లోపు ముందుకి జరుగుతుంది. అలా దిద్దుకుంటారు వాళ్ళు. ఒక్కసారి దాని కింద నిలబడి నా వాచీ కలుపుకున్నానంటే, ఇంక చచ్చిపోయినా పర్లేదు."

"నోరు ముయ్యరా, పొద్దున్నే ఆ మాటలేంటి" అని అమ్మమ్మ వంటింట్లోంచి కేకేసేది.

ఇంట్లో గోడ గడియారం ఉండనిచ్చేవాడు కాదు. "రెండు గడియారాలుంటే రెండూ అబద్ధమే" అనేవాడు. ఊరికంతటికీ ఆయన వాచీయే ప్రమాణం. ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారు కూడా గేటు దగ్గర ఆగి, "మేష్టారూ, లండన్ టైమెంతైందండీ?" అని అడిగి కలుపుకుని వెళ్ళేవారు. మామయ్య గర్వంగా చెప్పేవాడు. సైన్సు వాచీ మంత్రాల ముహూర్తానికి కాపలా కాస్తోందని ఆయనకి తట్టలేదు. తొమ్మిదేళ్ళ దాన్ని, నాకెలాగూ తట్టదు.

ఒకసారి ఇంకో సంగతి చెప్పాడు. వేసవి వస్తే ఆ దేశంలో గడియారాలన్నీ గంట ముందుకి తిప్పుకుంటారట, చలికాలానికి మళ్ళీ వెనక్కి తిప్పుకుంటారట. ఎండ ఎక్కువసేపు వాడుకోవడానికి.

"మనం తిప్పుకోకూడదా మామయ్యా?"

"మనకంత తెలివి ఏడ్చిందా!"

ఆ మాట నాకు బాగా నచ్చింది.

రోజూ నాలుగింటికి మామయ్య నాకు లెక్కలు చెప్పేవాడు. ఆదివారమైనా సరే. ఆ ఆదివారం కళ్ళంలో కొత్త గడ్డి కుప్ప వేశారు. ఎక్కి జారుతుంటే వీపంతా దురద, ముక్కు నిండా దుమ్ము, అయినా దిగబుద్ధి కాదు. మామయ్య పప్పు, ఆవకాయ తిని గురక పెడుతున్నాడు. వాచీ మేకుకి వేలాడుతోంది. నేను స్టూలెక్కి, మర లాగి, ముల్లు ఇరవై నిమిషాలు వెనక్కి తిప్పాను. లండన్ వాళ్ళు గంట తిప్పుకుంటే నేను ఇరవై నిమిషాలు తిప్పుకోకూడదా? పరుగెత్తాను.

నేను కుప్ప మీద ఉండగానే ఇంట్లోంచి కేకలు వినపడ్డాయి. అమ్మకి ఇంకా పది రోజులు టైముందని చెప్పారు, నొప్పులు ముందే వచ్చేశాయి. తణుకు నుంచి కారు రావాలి, రాలేదు. పేటలోంచి నర్సమ్మ గారు పరుగున వచ్చారు. ఆవిడ లూథరన్ చర్చికి వెళ్ళే మనిషి. తెల్లచీర, చేతిలో సంచీ, మణికట్టుకి నల్ల పటకా వాచీ. లోపలికి వెళ్తూ ఆ వాచీ విప్పి కిటికీలో పెట్టుకున్నారు.

నేను జుట్టు నిండా గడ్డితో గుమ్మం దగ్గర నిలబడేసరికి లోపల పసివాడి ఏడుపు. అరుగు మీద మామయ్య వాచీ కళ్ళ దగ్గర పెట్టుకుని అరిచాడు.

"నాలుగూ పది! సరిగ్గా నాలుగూ పది! లండన్ టైము!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళగానే వాచీ తీసి మళ్ళీ ఇరవై నిమిషాలు ముందుకి తిప్పేశాను. మర్నాడు తెల్లవారి రేడియో గంట కొడుతుంటే మామయ్య, "ఒక నిమిషం తేడా వచ్చిందేంటి?" అన్నాడు. దిద్దుకున్నాడు. ఏళ్ళ తరబడి రాని తేడా.

సోమవారం సిద్ధాంతి గారు వచ్చి పంచాంగం తిప్పారు. ఆదివారం నాలుగూ ఇరవై రెండు దాకా రోహిణి. ఆ తరవాత మృగశిర. బిడ్డ పుట్టింది నాలుగూ పదికి.

"రోహిణండీ. మేనమామ గండం."

అమ్మమ్మ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"ఇరవై ఏడో రోజున మళ్ళీ రోహిణి వస్తుంది. ఆ రోజు శాంతి చేయిద్దాం. మేష్టారు బిడ్డ నీడని ముందు నూనెలో చూడాలి. అప్పటిదాకా బిడ్డ ఆయన కంటపడకూడదు."

మామయ్య నవ్వాడు. "గ్రహాలకి నా అడ్రసు ఎవరిచ్చారండీ?"

"నవ్వకురా. కంసుడూ ముందు నవ్వే ఉంటాడు" అంది అమ్మమ్మ.

"నేనేం మా చెల్లెల్ని చెరసాల్లో పెట్టలేదుగా!"

అందరం నవ్వాం. కానీ ఆ పూట మామయ్య మంచం వీధి గదిలోకి మారింది. కంచం అరుగు మీదకి వెళ్ళింది. "నాకేం నమ్మకం లేదు. అమ్మ తృప్తి కోసం" అన్నాడు. ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎన్ని వందల మంది నోట విన్నానో! డాక్టర్లు, ఇంజనీర్లు, సైన్సు మాస్టార్లు. ఎవరికీ నమ్మకం ఉండదు, అందరికీ అమ్మ ఉంటుంది. ఈ దేశంలో మూఢత్వాన్ని మోసేది నమ్మేవాళ్ళేనని అనుకుంటారు. నమ్మకుండానే మోసేవాళ్ళు లేకపోతే అది పదడుగులు నడవదు.

బుధవారానికి తమ్ముడి మొహం పచ్చబడింది. గురువారానికి పొట్ట దాకా పాకింది. వాయుగుండం పట్టింది, మూడు రోజులుగా ముసురు, ఎండ మొహం లేదు. పురిటి గదిలో వాము పొగ, సాంబ్రాణి, తడి గుడ్డల వాసన. నర్సమ్మ గారు బిడ్డ కాలు వేలితో నొక్కి చూసి అమ్మమ్మతో చెప్పారు.

"అమ్మగారూ, ఇది ఇంట్లో తగ్గేది కాదండీ. ఇవాళే రాజమండ్రి తీసుకెళ్ళాలి."

"పదకొండు రోజులు కాకుండా బాలింత గడప దాటుతుందా అమ్మా? పసరు తెప్పిస్తున్నాం."

నర్సమ్మ గారు అరుగు మీదకి వచ్చారు. "మేష్టారండీ, మీరైనా చెప్పండి. మీరు చదువుకున్నోళ్ళు."

"తీసుకెళ్ళాల్సింది నేనే కదండీ" అన్నాడు మామయ్య. "నేనేమో చూడకూడదంటున్నారు. రెండ్రోజులు చూద్దాం."

"కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి. దారి నేను చూపిస్తాను" అన్నారావిడ.

అప్పుడు నేను ముందుకొచ్చి చెప్పేశాను. వాచీ నేనే తిప్పానని, తమ్ముడు పుట్టింది నాలుగూ పదికి కాదు, నాలుగున్నరకని, రోహిణి అప్పటికే వెళ్ళిపోయిందని.

నర్సమ్మ గారు సంచీలోంచి తన పుస్తకం తీశారు. "నేను రాసుకున్నదీ నాలుగున్నరేనండీ. కిటికీలో వాచీ చూసి రాశాను." వేలు పెట్టి చూపించారు.

ఒక సాక్షి నేరం ఒప్పుకుంది. ఇంకో సాక్షి కాగితం చూపించింది. కోర్టులో అయినా ఇంతకన్నా ఏం కావాలి? మామయ్య ఆ పుస్తకం వంక చూశాడు, నా వంక చూశాడు.

"తమ్ముడి కోసం కథ కట్టింది, చిన్నపిల్ల. సోమవారం పొద్దున నా వాచీ లండన్ గంటతో కలిసిందండీ. ఆదివారం ఇరవై నిమిషాలు తప్పితే సోమవారం ఎలా కలుస్తుంది?"

"ఆవిడ వాచీ ఆవిడది, మన వాచీ మనది" అంది లోపలి నుంచి అమ్మమ్మ. ఆ మాటకి అర్థం ఏ పేట వాచీ ఏ వీధిలో చెల్లుతుందన్నదే. నర్సమ్మ గారికి మంచినీళ్ళు వేరే గ్లాసులో ఇచ్చే ఇల్లు అది.

"కలవలేదు మామయ్యా" అన్నాను నేను. "నిమిషం తేడా వచ్చిందన్నావు. నేను మళ్ళీ ముందుకి తిప్పినప్పుడు సరిగ్గా కుదరలేదు. అదే ఆ నిమిషం."

మామయ్య నన్ను చెంప మీద కొట్టాడు. అంతకు ముందు ఎప్పుడూ కొట్టలేదు. ఆ తరవాతా కొట్టలేదు. ఆ దెబ్బతో నాకు తెలిసింది, ఆయనకి తెలుసని.

చాలా ఏళ్ళు ఆలోచించాను. వాచీ తప్పని ఒప్పుకుంటే దోషం ఆ క్షణంలో పోయేది. తణుకు నుంచి కారు పిలిపించి బిడ్డని ఎక్కించుకుని రాజమండ్రి పోయేవాడు. తనకే లాభం. అయినా ఒప్పుకోలేదు. లండన్ గంట తప్పదు, దానితో కలిసిన తన వాచీ తప్పదు. అది ఆయన మతం. దాన్ని కాపాడుకోవడానికి తను నమ్మని రోహిణిని కూడా నెత్తిన పెట్టుకున్నాడు. మనిషి ఒక దేవుణ్ణి దించేసి ఆ పీట ఖాళీగా ఉంచలేకపోతే ఇలాగే అవుతుంది. గడియారం కూడా ఆ పీట ఎక్కి కూర్చుంటుంది.

ఇంకోటి కూడా అడగాలి. లండన్ వాళ్ళు ఏడాదికి రెండుసార్లు గంట గంట తిప్పుకుంటే తప్పిపోని గ్రహాలు, నేను తిప్పిన ఇరవై నిమిషాలకి మా తమ్ముడి దారి పట్టాయా? ఈ ప్రశ్న సభల్లో వేస్తే జనం చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చాక ఆ చప్పట్లు నాకు ఎందుకూ పనికిరావు.

శుక్రవారం పసరు పోశారు. శనివారం తమ్ముడి ఏడుపు తగ్గింది. "నెమ్మదించాడు, పసరు పనిచేసింది" అంది అమ్మమ్మ. వీధి గదిలోంచి మామయ్య, "ఏడుపు వినపడట్లేదు, తగ్గిందా?" అని అడిగాడు. తగ్గిందన్నారు. పాలు తాగే ఓపిక లేక ఊరుకున్నాడని ఎవరికీ తెలియలేదు. అమ్మకి తెలుసేమో. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది.

ఆదివారం నర్సమ్మ గారు తణుకు బస్టాండు దాకా రిక్షా మాట్లాడుకుని వచ్చారు. ఎవరినీ అడగలేదు. గదిలోకి వెళ్ళి బిడ్డని దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నారు, అమ్మని రెక్క పట్టుకుని లేపారు. అమ్మమ్మ అడ్డం వచ్చింది.

"నా కొడుక్కేమైనా అయితే?"

"మీ కొడుక్కి ఏమీ కాలేదమ్మగారూ. వారం నుంచి చూస్తున్నాగా, బాగానే భోంచేస్తున్నారు" అన్నారావిడ.

వీధిలోకి రావాలంటే అరుగు దాటాలి. అరుగు మీద మామయ్య ఉన్నాడు. నర్సమ్మ గారు బిడ్డతో గుమ్మం దాటగానే ఆయన గిరుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. గోడ మీద క్యాలెండర్ బొమ్మ. దానికి ముక్కు ఆనించినట్టు నిలబడ్డాడు, రిక్షా మలుపు తిరిగేదాకా. ఊళ్ళోకెల్లా పెద్ద హేతువాది. నేను చూశాను. ఇవాళ్టికీ ఆ బురుజు ఎక్కడ కనపడినా, దాని ముందు మా మామయ్య వీపు కనిపిస్తుంది నాకు.

రాజమండ్రిలో రక్తం మార్చారు. ప్రాణం దక్కింది. "రెండు మూడు రోజుల ముందు తెచ్చుంటే" అని ఆపేశారట డాక్టరు గారు. ముదిరిన కామెర్లు చెవులకి ఏం చేశాయో అప్పటికి మాకు తెలియదు. తొమ్మిదో రోజుకి నాన్న వచ్చాడు, వానలకి రైళ్ళు ఆగి. ఆయనతో ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇరవై ఏడో రోజున శాంతి చేశారు. కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి, అమ్మ బిడ్డని ఎత్తి పట్టుకుంటే, మామయ్య వంగి నూనెలో చూశాడు. మేనల్లుణ్ణి ఆయన మొట్టమొదట చూడటం అదే. "ముక్కు నాదే" అన్నాడు. అందరూ నవ్వారు. గండం గడిచింది, పాయసం వండారు. నేను తినలేదు, కడుపునొప్పి అని చెప్పాను.

మూడో నెల వెళ్ళాక ఒక తెల్లవారి మామయ్య సరదాగా రేడియో ఎత్తుకుని ఉయ్యాల దగ్గరికి వచ్చాడు. "రారా అల్లుడూ, లండన్ గంట వినిపిస్తా." తమ్ముడు మేలుకునే ఉన్నాడు. దీపం వంక చూసి కాళ్ళు ఆడిస్తున్నాడు. గంట మోగింది. మామయ్య శబ్దం పెంచాడు. వాడు దీపం వంకే చూస్తున్నాడు. ఇంకా పెంచాడు, రేడియో తలగడకి ఆనించాడు. పక్కలో పడుకుని చూస్తున్న నేను ఉలిక్కిపడి లేచాను, పెరట్లో గేదె తల తిప్పింది. వాడు తిప్పలేదు. పన్నెండు దెబ్బలూ అయిపోయాయి. మామయ్య ఆ రోజు వాచీ కలుపుకోలేదు. అమ్మ లేచి రేడియో ఆపేసింది.

మామయ్య చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయట్లేదు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. సెలవలకి వెళ్ళినప్పుడల్లా తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, పలక మీద రాసి రాసి లెక్కలన్నీ నేర్పింది ఆయనే. వాడికి ఆయనంటే ఇష్టం. ఇవాళ వాడు రాజమండ్రిలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. మామయ్య షష్టిపూర్తికి ఆయన్ని బిగ్ బెన్ ముందు నిలబెట్టినట్టు పెద్ద ఫ్లెక్సీ వేసి తెచ్చాడు. ఆయన దాన్ని ఇప్పటికీ హాల్లో ఉంచుకున్నాడు.

వాడికి పదిహేడేళ్ళప్పుడు నేను కూర్చుని అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. గడ్డి కుప్ప, వాచీ, అన్నీ. రెండుసార్లు చదివాడు. కింద ఇలా రాసి నాకిచ్చాడు: "నువ్వు తిప్పింది ఇరవై నిమిషాలేగా అక్కా. మిగతా వారం ఎవరు తిప్పారు?"

నర్సమ్మ గారు పోయి చాలా కాలమైంది. ఆవిడ మాట నిజమని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు.

నిన్న నాలుగున్నర కావస్తుండగా ఫోను మోగింది. మామయ్య. వెనక బస్సుల చప్పుడు.

"చూశావా వాడేం పెట్టాడో? ఏం రాయనే వాడికి? శబ్దం ఎలా ఉందని చెప్పనే?"

"శబ్దం సంగతి వదిలెయ్ మామయ్యా. ఆ రోజు నర్సమ్మ గారి వాచీయే రైటని రాయి. అంతే."

"ఏంటీ? గంట మొదలైందే... ఏం వినపడట్లేదు!"

నిజమే, మొదలైంది. రేడియోలో విన్నదానికన్నా చాలా పెద్దగా ఉంది. అక్కడ పన్నెండు. ఇక్కడ నాలుగున్నర. పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టాను. ఆఖరిది సన్నగిల్లేదాకా ఆగి, అదే మాట మళ్ళీ చెప్పాను, ఒక్కో ముక్కా విడదీసి. ఈసారి గంట లేదు. ఆయన ఊపిరి తీస్తున్న చప్పుడు కూడా నాకు వినపడుతోంది.

ఫోను పెట్టేశాడు.

ఇవాళ మధ్యాహ్నం గ్రూపులో ఇంకో ఫోటో వచ్చింది. చాచిన చెయ్యి, మణికట్టుకి వాచీ, వెనక ఆ గడియారం. కింద మామయ్య రాశాడు: "సెకను కూడా తేడా లేదు."

తమ్ముడు దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు. నేను పెట్టలేదు.